శుభలేఖలో విడిపోయిన ఒత్తులు

"బిడ్డా, నీ కంప్యూటర్ల తెలుగు ఉన్నదా?"

నా స్నేహితురాలికి పెళ్లి కుదిరిన వారంలోనే వాళ్ల నాన్న మా రైల్వే క్వార్టర్‌కి వచ్చి, గుమ్మంలో చెప్పులు విప్పుతూ అడిగిన మాట ఇది. ఉందన్నాను. నిజంగానే ఉంది. అ ఆ ఇ ఈలు చక్కగా కనపడేవి. కనపడటం వేరు, పనికి రావడం వేరు అని అప్పటికి నాకు తెలియదు.

ఆయన్ని నేను బాబాయ్ అని పిలిచేదాన్ని. కరీంనగర్ వైపు నుంచి చిన్న వయసులోనే సూరత్ వచ్చి, మగ్గం పని మీదే ఇల్లు నిలబెట్టుకున్న మనిషి. అప్పట్లో సూరత్ పక్కనున్న జోల్వాలో ఒక పవర్‌లూమ్ కార్ఖానాలో పనిచేసేవారు. ఆ మగ్గాల రొదలో ఏళ్ల తరబడి ఉండటం వల్ల ఆయనకి మెల్లగా మాట్లాడటం చేతకాదు. పక్కన కూర్చున్న వాళ్లతో కూడా వీధి చివర ఉన్నవాళ్లని పిలిచినట్టే మాట్లాడతారు. అందుకని ఆయన మా ఇంట్లో అడిగింది క్వార్టర్లన్నీ విన్నాయి. సాయంత్రం పాలకి వెళ్లిన మా అమ్మని పక్కింటావిడ అడిగిందట, "మీ అమ్మాయి కంప్యూటర్‌లో తెలుగు వస్తుందటగా?" అని. అమ్మ గర్వంగా "వస్తుంది" అని చెప్పి వచ్చింది. ఇక వెనక్కి తగ్గే దారి లేదు.

బాబాయ్ కూతురూ నేనూ కాలేజీ రోజుల్లో ఒకే షేర్ రిక్షాలో వెళ్లేవాళ్లం. ఒకరోజు నేను రిక్షా కుదుపులకి "అమ్మో" అనేసరికి పక్కనున్న పిల్ల నవ్వి, "తెలుగోళ్లా?" అంది. అలా మొదలైంది స్నేహం. తను పుట్టింది పెరిగింది సూరత్‌లోనే. చదివింది గుజరాతీ మీడియం. ఒక వాక్యంలో తెలుగు, హిందీ, గుజరాతీ మూడూ కలిపి వడ్డించేది. మా పరిచయం అయిన కొన్నేళ్ల తర్వాతి సంగతి ఇది. అప్పటికి తను పల్సానాలో బట్టలకి రంగులద్దే ఒక డైయింగ్ మిల్లు ఆఫీసులో లెక్కలు చూసేది. నేను ఒక కంప్యూటర్ సెంటర్లో పాఠాలు చెప్పేదాన్ని.

ఆ రోజుల్లో సూరత్‌లో శుభలేఖ అచ్చు వేయించుకోవడం చాలా సులువు, అది గుజరాతీలోనో హిందీలోనో అయితే. తెలుగులో కావాలంటే మాత్రం ఊళ్లో ఎవరికైనా చెప్పి, అక్కడ వేయించి, రైల్లో ఎవరైనా వస్తుంటే తెప్పించుకోవాలి. బాబాయ్ పెద్ద కూతురి పెళ్లికి అలాగే చేశారు. కార్డులు తెచ్చే చుట్టం ఏదో పనిబడి ప్రయాణం వాయిదా వేసుకున్నాడు. కార్డులూ వాయిదా పడ్డాయి. పెళ్లి మాత్రం పడలేదు. చుట్టాలందరినీ ఫోన్‌లోనే పిలవాల్సి వచ్చింది.

"ఈసారి కార్డు నా కండ్ల ముందట అచ్చు కావాలె," అన్నారు బాబాయ్.

"గుజరాతీల కొట్టిద్దాం బాపు, చాలశే," అంది కూతురు. చాలశే అంటే గుజరాతీలో సరిపోతుందని. అది తన ఊతపదం.

"ఏం చాలశే? మొదటి కార్డు దేవుని ముందట పెడ్తం. మన దేవునికి గుజరాతీ వస్తదా?"

"నాకొస్తది గదా. నేను సదివి చెప్త."

బాబాయ్ కూతురి వంక చూడను కూడా చూడకుండా నా వైపు తిరిగి, "నువ్వు చెయ్యి బిడ్డా," అన్నారు.

మా కంప్యూటర్ సంగతి కొంచెం చెప్పాలి. స్టేషన్ దగ్గరి దుకాణంలో విడిభాగాలు కూర్పించి నాన్న కొన్నది. దానిలో మొదట ఉన్న సిస్టమ్‌కి వైరస్ పట్టి మూలన పడితే, మా సెంటర్లో నాతో పనిచేసే ఒకావిడ లినక్స్ అనే ఉచిత సిస్టమ్ సీడీలు ఒక సంచీలో పెట్టి ఇచ్చింది. అవి ఎక్కించాను. నాన్నకి అలవాటైన పేకాట పోయిందని ఆయన కొన్నాళ్లు కంప్యూటర్‌తోనూ నాతోనూ మాట్లాడలేదు. ఆ లినక్స్‌లో ఉత్తరాలు, కార్డులు రాసుకునే ఒక చిన్న సాఫ్ట్‌వేర్ ఉంది. తెలుగు ఉందని నేను చెప్పింది దాని భరోసా మీదే.

మర్నాడు కూర్చుని కార్డు మొదలుపెట్టాను. పక్కన పెళ్లికూతురు, వెనక బాబాయ్. పైన ఉండాల్సిన మాటలు కొట్టాను. తెర మీద ఇలా వచ్చాయి:

శ్‌రీరస్‌తు, శుభమస్‌తు.

నేను ధైర్యం తెచ్చుకుని ముందుకెళ్లాను. ఆహ్‌వానం వచ్చింది. కుమార్‌తె వచ్చింది. కింద ఉండాల్సిన ఒత్తులన్నీ పక్కకి జరిగి, ఎవరికి వారు విడిగా నిలబడ్డాయి. అవి వదిలి వచ్చిన ప్రతి అక్షరం నెత్తిన ఒక పొల్లు.

బాబాయ్ కళ్లద్దాలు పెట్టుకుని తెరకి దగ్గరగా వంగారు. "ఏంది బిడ్డా గిది? పెండ్లి కాకముందే గిన్ని విడాకులా?"

పెళ్లికూతురు నవ్వి నవ్వి మంచం మీద పడిపోయింది. వంటింట్లోంచి అమ్మ, "ఏమైందే?" అంటూ వచ్చి చూసి, "అయ్యో, ఇదేం తెలుగే!" అని నోరు నొక్కుకుంది. పాలవాడి దగ్గర ఆవిడ ఇచ్చిన మాట ఆవిడకి గుర్తొచ్చి ఉంటుంది.

"జర టైం పడుతుంది బాబాయ్," అన్నాను, ఆయన భాషలో అయితే నమ్ముతారేమోనని.

ఆ సాఫ్ట్‌వేర్ తయారు చేసినవాళ్ల పేజీ చూడాలంటే ఇంట్లో ఇంటర్నెట్ లేదు. మా వీధి మలుపులో సైబర్ కేఫ్ ఉండేది. అక్కడ చూస్తే, భారతీయ లిపులన్నీ సరిగ్గా వస్తాయని ఆ పేజీలో గొప్పగా రాసి ఉంది. మరి నాకెందుకు రాలేదు? ప్రశ్నలూ జవాబులూ ఉన్న చోట వెతికితే నాలాంటి ఇంకో అభాగ్యుడు అదే అడిగి ఉన్నాడు. అతనికి హిందీ కూడా ఇలాగే చిందరవందరగా వచ్చిందట. దానికి జవాబు: ఆ సదుపాయం ఐచ్ఛికం. మామూలుగా దొరికే కాపీలో ఉండదు. మూలం తీసుకుని కట్టుకునేటప్పుడు మీరే పెట్టించుకోవాలి.

మూలం అంటే సాఫ్ట్‌వేర్ రాసిన అసలు కోడ్. అది ఇవ్వడమంటే, కుట్టిన జాకెట్టు బదులు గుడ్డ చేతికిచ్చి మీరే కుట్టుకోండి అన్నట్టు. మెడ ఎంత దించాలి, చేతులు ఎంత ఉండాలి అన్నది కుట్టుకునేవాళ్ల ఇష్టం. నేను అంతకుముందెప్పుడూ అలా కట్టలేదు. అయినా ఆ మూలం దింపడం మొదలుపెట్టాను. ఎంత దిగిందో చూపించే గీత తెర మీద నత్తలా నడుస్తోంది. కేఫ్ యజమాని పెద్దాయన గుజరాతీ. వచ్చి నా భుజం మీంచి తొంగి చూశాడు.

"ఇతనా బడా ఫైల్? పిక్చర్ హై క్యా, బెహన్?" ఇంత పెద్దది, సినిమానా అని.

"నహీ భాయ్, లిఖనే కా సాఫ్ట్‌వేర్ హై."

"లిఖనే కే లియే తో పెన్ ఆతా హై," అన్నాడాయన. రాయడానికి పెన్ను దొరుకుతుంది కదా అని ఆయన సందేహం.

దిగినదాన్ని కేఫ్‌లోనే ఒక సీడీ మీదికి రాయించుకుని, ఇంటికొచ్చి ఎక్కించాను. అందులోనే ఉన్న సూచన ప్రకారం మూడు ఆజ్ఞలు ఇవ్వాలి: కాన్ఫిగర్, మేక్, మేక్ ఇన్‌స్టాల్. మొదటిది కొట్టగానే తెర మీద వరదలా అక్షరాలు. ఇది ఉందా, ఉంది. అది ఉందా, లేదు. పెళ్లికూతురు ఆఫీసు నుంచి నేరుగా మా ఇంటికొచ్చి చూస్తూ కూర్చుంది.

"ఎవర్ని అడుగుతుంది అది?"

"మనల్ని కాదు. ఈ మెషీన్లో ఏమేం ఉన్నాయో తనే చూసుకుంటోంది."

"జవాబు కూడా తనే చెప్పుకుంటుందా? అచ్చం మా మేనత్త లెక్కనే ఉన్నది. చాయ్ తాగుతవా అంటది, తాగవులే అంటది."

వరద ఆగింది. రెండో ఆజ్ఞ ఇచ్చాం. కంప్యూటర్ ఫ్యాను గోలపెట్టింది. అన్నాలు తిని, పాత్రలు తోమి, టీవీలో వార్తలు చూసి వచ్చేదాకా అది కడుతూనే ఉంది. చివరికి అయింది. మూడో ఆజ్ఞ కూడా ఇచ్చి, ఆత్రంగా తెరిచి కొట్టాను.

శ్‌రీరస్‌తు.

ఏ మార్పూ లేదు. నాకు కోపం వచ్చింది. కోపంలో చేసే పనులకి ఎప్పుడూ వేగం ఎక్కువ, వివరం తక్కువ. ఐచ్ఛికాలు ఏమేం ఉన్నాయో చూపించమంటే పొడుగాటి జాబితా ఒకటి చూపించింది. ఎందుకొచ్చిన గొడవ, అన్నీ పెట్టించేద్దాం అనుకున్నాను. ఏది ఏమిటో చదవలేదు. కనపడిన ప్రతిదానికీ సరే అన్నాను.

అక్కడి నుంచి నా కష్టాలు మొదలయ్యాయి. మొదటి ఐచ్ఛికానికి ఇంకో సామాను, అంటే వేరే చిన్న సాఫ్ట్‌వేర్, కావాలంది. సైబర్ కేఫ్‌కి పరిగెత్తి తెచ్చాను. ఆ సామాను తనకి తోడు మరోటి కావాలంది. మళ్లీ పరిగెత్తాను. కేఫ్ పెద్దాయన నన్ను చూడగానే ఏమీ అడగకుండా మూల సీటు చూపించడం అలవాటు చేసుకున్నాడు. ఆఖరికి ఒకటి, నీ సిస్టమ్‌లో అడుగున ఉన్నది పాతబడిపోయింది, కొత్తది వెయ్యి అంది. వేశాను. మర్నాడు పొద్దున కంప్యూటర్ పెడితే నల్లటి తెర, దాని మీద మిణుకు మిణుకుమంటూ ఒక గీత.

నాన్న డ్యూటీకి బయల్దేరుతూ చూశారు. "నా పేకాట పోయింది. ఇప్పుడేం పోయిందమ్మా?"

"అంతా పోయింది నాన్నా."

"పోనీలే," అన్నారు నాన్న. ఆయన గొంతులో జాలి ఉంది గానీ, మొహంలో చిన్న సంతోషం కూడా కనపడింది.

ఆ ఆదివారం మొత్తం లినక్స్ మళ్లీ ఎక్కించాను. బాబాయ్ కార్డులు పంచడానికి ఊరెళ్లే రైలుకి టికెట్ తీసేసుకున్నారు. రోజూ కార్ఖానా నుంచి వస్తూ క్వార్టర్ కింద ఆగి, "అయిందా బిడ్డా?" అని అరిచేవారు. నేను బాల్కనీలోంచి తల అడ్డంగా ఊపేదాన్ని. పక్కింటి బాల్కనీవాళ్లు కూడా అడ్డంగా ఊపేవారు.

ఇక ఇలా కాదని, ఆ ఐచ్ఛికాల జాబితా మొత్తం మా సెంటర్లో ప్రింటు తీసి తెచ్చాను. పెళ్లికూతురు మిల్లుకి సెలవు పెట్టి వచ్చింది. చాప మీద కాగితాలు పరుచుకుని, పెన్సిల్ పట్టుకుని, ఒక్కో వరుస చదవడం మొదలుపెట్టాం. తనకి కంప్యూటర్ సంగతి పెద్దగా తెలియదు. అందువల్ల ప్రతిదీ అడిగేది. నాకు అర్థమైందనుకున్నవి కూడా తనకి చెప్పబోతే నోట్లోనే ఆగిపోయేవి. అప్పుడు మళ్లీ చదువుకోవాల్సి వచ్చేది.

"కొన్నిటికి 'ఎనేబుల్' అని ఉన్నది, కొన్నిటికి 'విత్' అని ఉన్నది. రెండూ ఒకటే కదా?"

నేనూ అంతవరకూ ఒకటే అనుకున్నాను. రెండు రకాలూ పక్కపక్కన పెట్టి చూస్తే తేడా తెలిసింది. "ఎనేబుల్ అంటే సాఫ్ట్‌వేర్ లోపలే ఉన్న పని. ఆన్ చెయ్యమంటే చేస్తుంది. విత్ అంటే బయటి సామాను తోడు తీసుకుని కట్టమని. ఆ సామాను మన దగ్గర ఉండాలి."

"ఓహో. ఇంట్ల ఉన్నది తీసుడు ఒకటి, బజార్ నుంచి తెచ్చుడు ఒకటి. మరి మనం ఏం చెప్పకపోతే?"

"పక్కన రాసి ఉంది చూడు. కొన్ని చెప్పకపోయినా పెడుతుంది, కొన్ని చెప్పకపోతే పెట్టదు. ఇంకొన్నిటికి…" అక్కడ ఆగాను. భారతీయ లిపుల వరుస అది. దాని పక్కన ఉన్న మాట అంతకుముందు నేను చూడనే లేదు. "దొరికితే పెడుతుందట. దొరక్కపోతే మాట్లాడకుండా వదిలేస్తుందట."

"మాట్లాడకుండనా?"

"మాట్లాడకుండానే."

మొదటిసారి జరిగింది అదే. ఆ వరదలో ఎక్కడో ఒక మూల, తెలుగుకి కావాల్సిన సామాను ఉందా, లేదు అని తనే అడిగి, తనే చెప్పుకుని, పోనీ అని కట్టేసింది. మేం తన మేనత్త గురించి నవ్వుకుంటున్నప్పుడే ఆ వరుస మా కళ్ల ముందు నుంచి వెళ్లిపోయి ఉంటుంది.

ఆ తర్వాత పని చకచకా సాగింది. నేను ఐచ్ఛికం చదివి అర్థం చెప్పడం, తను తీర్పు ఇవ్వడం.

"లెక్కల సూత్రాలు రాసుకునే సదుపాయం."

"పెండ్లి కార్డులనా? వద్దు."

"ఇంగ్లీషు స్పెల్లింగ్ దిద్దేది."

"వద్దు."

"తప్పులెక్కడ వస్తున్నాయో కట్టేవాళ్లకి చెప్పేది."

"మన తప్పులు మనకు తెల్సు. వద్దు."

వద్దు అనే కొద్దీ తన మొహం వెలగడం మొదలైంది. పెళ్లి కుదిరిన దగ్గర్నుంచి తను అన్నిటికీ చాలశే అంటూనే వచ్చింది. ముహూర్తం చాలశే. ఫోటోలవాడు చాలశే. మేనత్త తెచ్చిన, ఒంటికి గుచ్చుకునే జరీ చీర కూడా చాలశే. కాగితం మీద పెన్సిల్‌తో గట్టిగా కొట్టేస్తూ, "యార్, వద్దనుడు గింత మంచిగుంటదా!" అంది. ఆ రాత్రి ఇంటికెళ్లి మేనత్తకి ఆ చీర వద్దని చెప్పేసిందట. ఇల్లు కాసేపు అట్టుడికి చల్లారిందని మర్నాడు ఎంతో హాయిగా చెప్పింది.

చివరికి మాకు మిగిలింది రెండు మూడు ఐచ్ఛికాలే. భారతీయ లిపులు మాత్రం దొరికితే కాదు, ఉండి తీరాలి అని మొదటి ఆజ్ఞలోనే రాశాను. ఈసారి అది వదిలేయలేదు. మధ్యలో ఆగి, ఫలానా సామాను దొరకలేదు, ముందుకు వెళ్లను అని మొండికేసింది. నాకు మాత్రం ఆ మొండితనం ఎంతో నచ్చింది. ఏం లేదో పేరు పెట్టి చెప్పింది కదా.

అయితే ఆ పేరు చూస్తే అది నా సిస్టమ్‌లో ఉన్నదే. "ఉందే! ఎందుకు లేదంటోంది?" అని జుట్టు పీక్కున్నాను. సాయంత్రం దాకా తంటాలు పడితే తేలిందేమిటంటే, అలాంటి సామాను రెండు ముక్కలుగా వస్తుంది. వాడుకునేవాళ్లకి ఒక ముక్క, దాన్ని పెట్టి కొత్తది కట్టేవాళ్లకి ఇంకో ముక్క. నా దగ్గర మొదటిది ఉంది, రెండోది లేదు. సరే, మళ్లీ సైబర్ కేఫ్ అని చెప్పులేసుకుంటుంటే, పెళ్లికూతురు సీడీల సంచీ తిరగేస్తూ, "ఈ ఆఖరి సీడీల ఏమున్నది?" అంది.

ఎన్నడూ తీసి చూడని సీడీ. పెట్టి చూశాను. కట్టేవాళ్లకి కావాల్సిన ముక్కలన్నీ అందులోనే, వరసగా, పొందిగ్గా. వీటి కోసమే నేను వీధి మలుపు అరగదీశాను. తను నా మొహం చూసి, నవ్వాలో వద్దో తేల్చుకోలేక, ఆఖరికి నవ్వేసింది. నేనూ చెప్పులు విప్పి నవ్వాను.

ఈసారి కాన్ఫిగర్ ఆఖర్న ఇచ్చే చిన్న పట్టిక దగ్గర ఆగి, వేలు పెట్టి చదివాను. భారతీయ లిపులు: యస్. అప్పుడే రెండో ఆజ్ఞ ఇచ్చాను.

కట్టడం పూర్తయ్యేసరికి బాబాయ్ కింద నుంచి పిలిచారు. ఈసారి పైకి రమ్మన్నాను. ఆయన వచ్చి కూర్చున్నాకే కొట్టాను. శ కింద ర వచ్చి ఒదిగింది. శ్రీ. ఆ తర్వాత రస్తు. స కింద త, దాని పక్కన కొమ్ము, ఎక్కడివి అక్కడ. ఆహ్వానంలో వ తన చోటికి వెళ్లింది. కుమార్తె అన్న మాట కొట్టాక బాబాయ్ నా చెయ్యి ఆపి, అందులోని ర్తె అక్షరాన్ని వేలితో ముట్టుకున్నారు. పక్కన కూతురు ఉంది.

"మంచిగ అతికింది," అన్నారు. ఆ ఒక్కసారే ఆయన మెల్లగా మాట్లాడటం నేను విన్నాను.

సూరత్‌లోనే ఖటోదరాలో ఒక అచ్చు దుకాణం ఉంది. మేం ఇద్దరం ప్రింటు తీసిన కాగితం పట్టుకెళ్లి ఇచ్చాం. దుకాణం ఆయన దాన్ని ఇటు తిప్పి, అటు తిప్పి, "బెన్, ఇస్మే ఊపర్ కౌన్ సా హై?" అన్నాడు. ఏది పైన, ఏది కింద అని. ఆయనకి తెలుగు జిలేబీ చుట్లలా కనపడుతోంది. పెళ్లికూతురు పెన్ను తీసి, శ్రీరస్తు పైన ఒక బాణం గుర్తు వేసి, "యే ఊపర్," అంది. ఆయన తృప్తిగా తలూపాడు.

కార్డులు తీసుకురావడానికి బాబాయ్ వెళ్లారు. కట్ట విప్పి చూస్తే అక్షరాలన్నీ ముత్యాల్లా ఉన్నాయి. ఒక్క ఒత్తు కూడా పక్కకి పోలేదు. వాటన్నిటికీ పైన, ప్రతి కార్డు మీదా, ఎర్ర సిరాతో అచ్చైన అదే బాణం.

నాకు ఏడుపొక్కటే తక్కువ. పెళ్లికూతురు "చాలశే" అంది. కావాలనే అన్నదని ఆ నవ్వు చూస్తే తెలిసింది. బాబాయ్ కాసేపు చూసి, కార్డు కళ్లకద్దుకుని, మొదటిది దేవుడి దగ్గర పెట్టారు. మిగతావి సంచీలో వేసుకుని రైలెక్కారు.

పెళ్లి రోజు భోజనాల దగ్గర, ఊరి నుంచి వచ్చిన ఒక పెద్దాయన జేబులోంచి కార్డు తీసి బాబాయ్‌ని అడగడం విన్నాను.

"అన్నీ మంచిగున్నయి గని, ఈ బాణం ఏందే?"

బాబాయ్ హాలంతా వినపడేలా జవాబిచ్చారు. "గది కంప్యూటర్ల పెట్టించుకోవాలె. మామూలుగ రాదు. మా బిడ్డ దోస్తు పట్టువట్టి పెట్టించింది."

పెద్దాయన నా వైపు తిరిగి మెచ్చుకోలుగా తలూపాడు. విస్తరి మీద చెయ్యి పెట్టి, వడ్డించే ఆయనతో ఇంకో లడ్డూ వద్దని చెబుతున్న నేను, అది కాస్తా మర్చిపోయి నవ్వేశాను.